చేతులు మారిన రాజరథం

2017వ సంవత్సరంలో మెర్సిడెస్ సంస్థ పొడవు పెంచిన ఇ-క్లాస్ కారును మన దేశంలో ప్రవేశపెట్టినప్పుడు దాని ఆరంభ ధర 56 లక్షల రూపాయలు దాటింది. అదే కారు నేడు, రెండో చేతికో మూడో చేతికో మారి, ఒక మోస్తరు కొత్త ఎస్.యు.వి. ధరకే దొరుకుతున్నది. పత్రికలో ఆ ప్రకటన చూసిన గృహస్థు మనసు ఒక్క క్షణం చలించడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఇంట్లో మొదటి బిడ్డకు నాలుగేళ్లు, రెండో బిడ్డ రాబోతున్నది, ఊరినుంచి తల్లి వచ్చి తోడుగా ఉంటున్నది; పాత చిన్న కారులో ఇక అందరూ ఇమడరు. ఎలాగూ పెద్ద కారు కొనవలసి వచ్చింది కదా, ఆ డబ్బుతోనే నలుగురూ తలతిప్పి చూసే కారు వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ప్రకటనలో కనిపించే ధరలో లేదు.

ఒకనాడు ఇటువంటి వాటిని సెలూన్ కార్లనేవారు. క్షౌరశాలకు ఆ పేరు స్థిరపడిపోయినందువల్లనో ఏమో, ఇప్పుడందరూ సెడాన్ అంటున్నారు. 1984లో కాంటెస్సా, మరుసటి ఏడు స్టాండర్డ్ 2000 వచ్చిన రోజుల్లో మన దృష్టిలో వైభవమంటే అవే. కాంటెస్సా ఎన్ని చేతులు మారినా, చెట్టుకింద షెడ్డు వేసుకున్న మెకానిక్ దానిని విప్పి బిగించగలిగేవాడు. 1995లో పూనాలో మెర్సిడెస్ కార్ల కూర్పు మొదలైన తరువాత ఆ లోకం క్రమంగా మారిపోయింది. ఈనాటి విలాసవంతమైన కారులో తలుపు, దీపం, సీటు, బ్రేకు అన్నీ చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెల ద్వారా ఒకదానితో ఒకటి సంభాషించుకుంటాయి. వాటి భాష తెలిసిన యంత్రం లేనిదే జబ్బేమిటో కూడా తెలియదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఏనుగును సగం ధరకు అమ్మినవాడు దాని మేతను కూడా సగం ధరకు ఇవ్వడు. పాతబడినకొద్దీ కారు విలువ పడిపోతుంది గాని, దాని హెడ్‌ల్యాంపు, గేరుబాక్సు, టైర్ల ధరలు అది కొత్తగా ఉన్నప్పటి స్థాయిలోనే ఉంటాయి. తరచు ఇంకా పెరుగుతాయి. 20 లక్షలకు కొన్న పాత కారును పోషించడమంటే నిజానికి 60 లక్షల కారును పోషించడమే. మొదటి యజమానికి వారంటీ అండ ఉండేది, లేదా కంపెనీ ఖాతా ఉండేది. రెండో యజమానికి తన జీతం తప్ప మరొకటి లేదు. ఒక్క గేరుబాక్సు మొరాయించిందంటే ఆ ఏటి పిల్లల బడి ఫీజు దానికే సమర్పించుకోవలసి రావచ్చు. కాబట్టి కొనుగోలుకు కేటాయించిన సొమ్ములో ఐదోవంతునైనా కారు మీద పెట్టకుండా బ్యాంకులో ఉంచుకోలేనివారు ఈ ఆలోచనను అక్కడే విరమించుకోవడం క్షేమం.

ఆ మాత్రం వెసులుబాటు ఉన్నవారు తరువాత పరిశీలించవలసింది ఇంజను కాదు, వెనుక సీటు. అందులోనూ మధ్య స్థానం.

మన ఇళ్లలో పెద్దావిడను ముందు సీటులో కూర్చోబెట్టడం మర్యాద. మోకాళ్ల నొప్పులున్నవారికి సౌకర్యం కూడా. ఇంటాయన కారు నడుపుతాడు. వెనుక రెండు కొసల సీట్లలోనూ పిల్లల ఆసనాలు బిగించాలి. వాటిని పట్టి ఉంచే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా ఆ రెండు చోట్లనే ఉంటాయి. ఇక మిగిలింది ఇల్లాలు, మధ్య సీటు. విలాసవంతమైన సెడాన్లలో చాలా వాటి రూపకల్పన వెనుక ఇద్దరు ప్రముఖులు చేతులు చాచుకుని కూర్చోవడానికి జరిగింది. మధ్యలో సీటు గట్టిగా, కాస్త ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు చేరే కార్లలో ఆ శక్తిని మోసే ఇరుసు కోసం నేల మధ్యన పెద్ద గట్టు ఉంటుంది. హైదరాబాదునుంచి రాజమండ్రి దాకా ఆ గట్టుకు రెండు వైపులా కాళ్లు చాపి, రెండు పిల్లల ఆసనాల నడుమ ఒదిగి ప్రయాణం చేసిన మనిషికి తోలు సీట్ల మెత్తదనం గురించి చెప్పడం సాహసమే.

ఈ దృష్టితో చూస్తే మన బజారులో విరివిగా కనబడే నాలుగు కార్ల గుణగణాలు కొత్తగా అర్థమవుతాయి.

పొడుగు ఇ-క్లాస్ చక్రాల మధ్య దూరం 3,079 మిల్లీమీటర్లు. వెనుక సీటు 37 డిగ్రీల వరకు వాలుతుంది. ఎడమవైపు కూర్చున్న పెద్దమనిషికి అది ఇంద్రభోగమే. ఐతే ఇది వెనుక చక్రాలతో నడిచే కారు, నేల మధ్య గట్టు ఎత్తైనది. పైగా మన దేశంలో అమ్మినవాటిలో స్టెప్నీ చక్రం డిక్కీ లోపలే పైకి కనబడేలా కూర్చుంటుంది. దాని పక్కన పిల్లల తోపుడు బండి పెట్టిన తరువాత పెట్టెలకు చోటు వెతుక్కోవాలి. ఐదుగురు ఎక్కిన తరువాత అంత పొడవైన కారు కడుపు మన వీధుల స్పీడ్ బ్రేకర్లను తాకకుండా దాటించడం ఒక విద్య. డ్రైవరును పెట్టుకుని, పిల్లలు ఎదిగి, దంపతులు వెనుక కూర్చునే ఇంటికి ఇది తగినది. మనం చెప్పుకుంటున్న ఇంటికి కాదు.

బి.ఎం.డబ్ల్యు. 5-సిరీస్ నడిపేవాడి కారు. 2017లో వచ్చిన తరం స్టీరింగు చేతబట్టినవారు దాన్ని మరచిపోలేరు. కాని ఇంట్లో మిగిలిన నలుగురూ ఆ ఆనందంలో భాగస్థులు కాలేరు. గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లగల రన్-ఫ్లాట్ టైర్లు దీనికి ఉంటాయి. రాత్రివేళ కుటుంబంతో ఉన్నప్పుడు అది గొప్ప ధైర్యమే. గోతిలో పడి అంచు చీలితే మాత్రం, చిన్న ఊళ్లో ఆ టైరు దొరకడం కష్టం, ధర అంతకంటె కష్టం.

స్కోడా సుపర్బ్‌కు నక్షత్రపు గుర్తు లేదు గనుక మోజు తక్కువ. 2016లో వచ్చిన తరంలో డిక్కీ సామర్థ్యం 625 లీటర్లు, వెనుక అద్దంతో సహా పైకి లేచే తలుపు. తోపుడు బండిని మడవకుండానే లోపలికి నెట్టేయవచ్చు. వెనుక మోకాళ్లకు దొరికే చోటు తనకు రెట్టింపు ధర ఉన్న కార్లను సిగ్గుపడేలా చేస్తుంది. నేలమీద గట్టు దీనికీ ఉన్నదని మరువరాదు. పరీక్షగా చూడవలసింది గేరుబాక్సు. ఆ తరం 1.8 లీటర్ల పెట్రోలు బండిలో క్లచ్చులు పొడివి. రోజూ నగరపు రద్దీలో ఆగుతూ సాగుతూ నడిచినవి త్వరగా అరిగిపోతాయి. డీజిలు బండిలో క్లచ్చులు నూనెలో మునిగి ఉంటాయి, కాస్త ఓర్పు గలవి. వాటి నూనె 60,000 కిలోమీటర్లకు మార్చారా లేదా అన్నది రికార్డులో చూసి తెలుసుకోవాలి, అమ్మేవాడి మాటల్లో కాదు.

టొయోటా క్యామ్రీ గురించి ఉత్సాహంగా రాయడం కష్టం. ఇంట్లోకి కొనమని చెప్పడం సులువు. పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారు తోడైన హైబ్రిడ్ ఇది. 2019 జనవరిలో సుమారు 37 లక్షల ధరతో వచ్చిన తరంలో బ్యాటరీని డిక్కీలోనుంచి వెనుక సీటు కిందికి మార్చారు. అంతకు ముందరి, 2013 నుంచి అమ్మిన తరంలో అది సీటు వెనుక డిక్కీ జాగా తినేసేది. నేలమీద గట్టు చాలా తక్కువ కావడంవల్ల మధ్యలో కూర్చున్న మనిషి కాళ్లు మనిషి కాళ్లలాగే ఉంటాయి. భయమల్లా బ్యాటరీదే. 2021 ఆగస్టు 1 నుంచి అమ్మిన హైబ్రిడ్‌లకు సంస్థ బ్యాటరీ హామీని 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్లకు పెంచింది. దానికి ముందు అమ్మినవాటికి ఆ రక్ష లేదు. రెండేళ్లు వెనక్కు జరిగి పది లక్షలు మిగిల్చుకోవాలనుకునేవారు ఈ తేదీని గుర్తుంచుకోవాలి. మధ్య సీటులో ఎవరో ఒకరు నిత్యం కూర్చునే ఇంటికి నా ఓటు 2021 ఆగస్టు తరువాతి క్యామ్రీకే. దూరప్రయాణాలు ఎక్కువ, సామాను ఎక్కువ అనేవారికి డీజిలు సుపర్బ్.

డీజిలు విషయంలో మరో మాట. నేటి డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది నిండినప్పుడు ఆ మసి కాలి బూడిద కావడానికి కారు కొంతసేపు ఆగకుండా వేగంగా వెళ్లాలి. ఇంటినుంచి బడికి మూడు కిలోమీటర్లు, అక్కడినుంచి కూరగాయల బజారుకు రెండు కిలోమీటర్లు తిరిగే కారులో ఆ అవకాశం రాదు, జల్లెడ పూడుకుపోతుంది. అది మార్చడం చిన్న ఖర్చు కాదు. ఢిల్లీ పరిసరాలలో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో మాత్రం యజమానులపై కఠిన చర్యలు వద్దన్నది. గడువుకు చేరువైన అక్కడి కార్లు చవకగా దక్షిణాదికి దిగిరావడానికి కారణమిదే. చవకేగాని, ఇక్కడ జీవితపన్ను మళ్లీ కట్టాలి. ఆ మొత్తం కలుపుకున్న తరువాతనే ధరలు పోల్చాలి.

ఇంతకంటె ప్రమాదకరమైనవి నీట మునిగిన కార్లు. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలలో వందలాది వాహనాలు మునిగాయి. విలాసవంతమైన కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు కొన్ని సీట్ల కింద, తివాచీ కింద ఉంటాయి. పైకి తుడిచి మెరిపించినా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఆరు నెలల తరువాత ఒక్కొక్క దీపం వెలగడం మానేస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. అంచున బురద చార ఉంటే మరి మాట్లాడకుండా వచ్చేయండి. మీటరు వెనక్కు తిప్పినా అధీకృత సర్వీసు కేంద్రంలో ప్రతి సర్వీసుకూ రాసిపెట్టిన కిలోమీటర్ల లెక్కను తిప్పడం అంత సులువు కాదు. కొనేముందు అటువంటి చోటనే డబ్బు కట్టి పరీక్ష చేయించాలి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే మనకు కావలసిన సమాచారం లభించినట్లే.

ఇన్ని కోట్ల ఖర్చుతో రూపొందిన భద్రత కూడా బెల్టు పెట్టుకోనివారికి అక్కరకు రాదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ సమీపంలో సైరస్ మిస్త్రీ మరణించింది మెర్సిడెస్ కారులోనే. వెనుక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదు. చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని తగిన ఆసనం గాని తప్పనిసరి చేసింది. అందుచేత బేరానికి వెళ్లేటప్పుడు పిల్లల ఆసనాలు రెండూ వెంట తీసుకువెళ్లండి. రెండూ బిగించి, మధ్యలో ఇల్లాలిని కూర్చోబెట్టి, ఆమె బెల్టు కొక్కెం చేతికి అందుతుందో లేదో చూడండి. చాలా కార్ల విషయం అక్కడే తేలిపోతుంది.

బేరం కుదిరాక కాగితాలు. వేరే రాష్ట్రపు కారైతే అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం, పాత అప్పు ఉంటే అది తీరిందన్న బ్యాంకు పత్రం చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇవ్వకూడదు. బీమాను కొత్త యజమాని పేరుకు మార్చమని 14 రోజులలోగా దరఖాస్తు చేయాలి. ఈలోగా కారుకు దెబ్బ తగిలితే నష్టపరిహారం చిక్కుల్లో పడుతుంది. క్లెయిములు లేనందుకు వచ్చే తగ్గింపు అమ్మినవాడికే చెందుతుంది, కారుతో రాదు. కాబట్టి కొత్త ప్రీమియం ఎంతో ముందే అడిగి రాసుకుని, బేరమాడేటప్పుడు ఆ కాగితం జేబులో ఉంచుకోండి.