ఇంటి ఫైల్ సర్వరుకు తగిన కార్డు ఏది? నజ్రాన్ నేర్పిన పాఠము



మన పూర్వీకులు కోరంగి, విశాఖపట్నం వంటి రేవుల నుండి మారిషస్ చెరకు తోటలకు వచ్చారు. వారి వలస సంఖ్య, ఓడ పేరు, తండ్రి పేరు, స్వగ్రామము వ్రాసిన రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అక్కడ తీసుకున్న నకళ్లు, పాత పెళ్లి ఫోటోలు, పెద్దల పాటలున్న క్యాసెట్లు మాత్రం మన ఇళ్లలోనే ఉండేవి. 1960 నాటి కరోల్ తుపానులో ఇల్లు కూలి, పెట్టెలు తడిసి కాగితాలు పోయిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అందుచేత మా దేవాలయ కమిటీ వీటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, ఒక ప్రతిని ద్వీపము వెలుపల ఉంచాలని నిర్ణయించింది.

ఆ ప్రతి నజ్రానుకు చేరింది. సౌదీ అరేబియా నైరుతి మూలన, యెమెన్ సరిహద్దు సమీపంలో ఉన్న ఆ పట్టణంలో మా సభ్యులొకరి మేనల్లుడు ఆసుపత్రి యంత్రాల మరమ్మతు పనిలో ఉన్నాడు. అతని ఇంట ఆరు డిస్కుల ఫైల్ సర్వరు ఉంది. మదర్‌బోర్డులో నాలుగు సాటా పోర్టులే ఉండటంతో, ఒక పాత రెయిడ్ కార్డు కొని ఆరు డిస్కులనూ దానికే తగిలించాడు.

జరిగినది

ఒక వేసవిలో ఆ కార్డు చనిపోయింది. డిస్కులు ఆరూ బాగానే ఉన్నాయి. కాని వాటిని మరొక కంప్యూటరుకు కలిపితే ఒక్క ఫైలు కూడా కనబడలేదు. రెయిడ్ కార్డు తనదైన పద్ధతిలో డేటాను ముక్కలు చేసి డిస్కులపై పరుస్తుంది. ఆ అమరికను చదవడానికి సాధారణంగా అదే కుటుంబపు కార్డు కావాలి. బూజు పట్టిన క్యాసెట్లను మేము అప్పటికే పారవేశాము. పెద్దల పాటలకు రెండవ ప్రతి లేదు. ఆ తప్పు మాదే.

చివరకు సెలవు ముగించుకొని నజ్రానుకు తిరిగి వస్తున్న కరీంనగర్ ప్రాంతపు సోదరుడొకరు హైదరాబాదులో అటువంటి పాత కార్డునే కొని తెచ్చాడు. అమరిక వివరాలు డిస్కులపై కూడా వ్రాసి ఉన్నందున, కొత్త కార్డు వాటిని "ఫారిన్ కాన్ఫిగరేషన్"గా గుర్తించింది. ఆ దశలో "ఇంపోర్ట్" అని ఎంచుకోవాలి. "క్లియర్", "ఇనీషియలైజ్" అనే వాటిని ముట్టుకోరాదు. ఆరు వారాల తరువాత మా నాయనమ్మల గొంతులు మళ్లీ విన్నాము.

ఏ కార్డు కొనాలి?

కార్డు డిస్కులను కంప్యూటరుకు ఉన్నవి ఉన్నట్లుగా చూపాలి; తన అమరికను వాటిపై రుద్దరాదు. ఇటువంటి కార్డును హెచ్‌బీఏ అంటారు. జడ్ఎఫ్ఎస్ వంటి ఫైల్ వ్యవస్థలు కోరేది దీనినే. అప్పుడు డిస్కుల లెక్క సాఫ్ట్‌వేరు చేతిలో ఉంటుంది. కార్డు పోయినా మరే కార్డుతోనైనా చదువుకోవచ్చు.

ఎల్ఎస్ఐ సంస్థ చిప్పులున్న కార్డులు ఇందుకు ప్రసిద్ధము. ఆ సంస్థ 2014లో అవాగోలో, తరువాత బ్రాడ్‌కామ్ పేరులో కలిసింది కనుక ఒకే కార్డు వేర్వేరు పేర్లతో కనబడవచ్చు. పేరు కన్న చిప్పు సంఖ్యను చూడండి.

• 1068ఈ చిప్పు: 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా వాడుకోలేదు. ఎంత చవకైనా వద్దు.
• ఎస్ఏఎస్2008 చిప్పు (9211-8ఐ కార్డు): ఎనిమిది డిస్కులు, పీసీఐఈ 2.0. ఐబీఎం ఎం1015, డెల్ హెచ్310 కార్డులలోనూ ఇదే చిప్పు ఉంది.
• ఎస్ఏఎస్2308 చిప్పు (9207-8ఐ కార్డు): పీసీఐఈ 3.0. మేము ఎంచుకున్నది ఇదే.
• ఎస్ఏఎస్3008 చిప్పు (9300-8ఐ కార్డు): ఇంకా వేగవంతము; కాని సాధారణ హార్డ్ డిస్కులకు అంత వేగము అక్కరలేదు.

కొనేముందు ఫర్మ్‌వేర్ సంగతి అడగండి. "ఐటీ మోడ్" ఉంటే కార్డు డిస్కులను నేరుగా చూపుతుంది. "ఐఆర్ మోడ్" రెయిడ్ కొరకు ఉద్దేశించినది. మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చిప్పును గుర్తిస్తుందో లేదో కూడా చూడండి. ఉదాహరణకు ఎస్ఏఎస్2008కు రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో మద్దతు తీసివేశారు.

పొసగడములో చూడవలసినవి

సాటా డిస్కులు ఎస్ఏఎస్ కార్డుకు పొసగుతాయి. ఎస్ఏఎస్ డిస్కులు సాటా పోర్టుకు పొసగవు.

స్లాటు పొడవును చూసి మోసపోరాదు. పదహారు లేన్ల పొడవున్న స్లాటులో నాలుగు లేన్లే పనిచేయవచ్చు. బోర్డు పుస్తకము చదవాలి. ఆరు హార్డ్ డిస్కులకు పీసీఐఈ 3.0 నాలుగు లేన్లు చాలును.

9211, 9207 కార్డులకు ఎస్ఎఫ్ఎఫ్-8087 కేబులు కావాలి, 9300కు ఎస్ఎఫ్ఎఫ్-8643. ఒక్కొక్క కేబులు నాలుగు సాటా తీగలుగా చీలుతుంది. "ఫార్వర్డ్ బ్రేకౌట్" అని అడిగి కొనండి. "రివర్స్" రకము చూపుకు అలాగే ఉంటుంది, కాని ఈ పనికి రాదు.

అన్నిటికన్న నజ్రానులో ముఖ్యమైనది వేడి. ఈ కార్డులు సర్వరు పెట్టెలలోని బలమైన గాలి కొరకు చేసినవి. ఇంటి పెట్టెలో కార్డుపై ప్రత్యేకంగా చిన్న ఫ్యాను బిగించి, దుమ్మును తరచుగా తుడవాలి. పాత కార్డుకు ఆ ఫ్యాను లేదు.

ఒకటి రెండు డిస్కులే అదనమైతే పెద్ద కార్డు అక్కరలేదు. ఏఎస్ఎం1166 చిప్పు గల ఆరు పోర్టుల సాటా కార్డు చాలును. అది విద్యుత్తు కూడా తక్కువ తీసుకుంటుంది. పోర్ట్ మల్టిప్లయరుతో పోర్టుల సంఖ్య పెంచిన కార్డులను మాత్రం విడిచిపెట్టండి.

కార్డు ఒక్కటే రక్ష కాదు

ఇప్పుడు ఆరు డిస్కులలో ఏ రెండు చెడినా డేటా నిలిచేటట్లు జడ్ఎఫ్ఎస్‌లో అమర్చాము. తరువాత అబ్బాయి కార్డును తీసివేసి, మిత్రుని వద్ద ఆరు పోర్టులున్న కంప్యూటరుకు డిస్కులను కలిపి చూశాడు. అన్నీ తెరుచుకున్నాయి. ఈ పరీక్ష చేసేవరకు ఏ సర్వరునూ నమ్మవద్దని మా మనవి. అయినను దొంగతనము, అగ్ని, పొరపాటున చెరపడము, వీటికి అది అడ్డు కాదు. కనుక ఒక ప్రతి మా దేవాలయ కార్యాలయములో, మరొకటి విద్యుత్తుకు కలపని డిస్కులో ఉంచాము.

నజ్రాను సమీపములో హిమా అనే చోట శిలలపై ఏడు వేల ఏండ్ల నాటి నుండి చెక్కిన బొమ్మలు, వ్రాతలు ఉన్నాయి. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అబ్బాయి వాటి ఫోటోలు పంపినప్పుడు మాకు తోచినది ఇది: ఆ శిలను చూడటానికి కన్నులుంటే చాలు. మన డిస్కులకు నడుమ ఒక కార్డు ఉంది. అది రేపు దొరకకపోయినా మన మనుమలు పెద్దల గొంతు వినగలగాలి. అటువంటి కార్డునే ఎంచుకోండి.

మీ ఇళ్లలో ఇంకా క్యాసెట్లుంటే, నకలు తీసిన తరువాత కూడా పారవేయకండి.

ఇట్లు,
దేవాలయ కమిటీ సభ్యులు