నారకు తగ్గ పని

గాజు మ్యాట్ కోసిన రోజు రాత్రి పడుకునేదాకా చేతులు దురద పెడుతూనే ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న నాకు ఆ దురద అలవాటైపోయింది. నీళ్ల ట్యాంకు మూతలు, బస్సు సీట్లు, షాపుల ముందు బొమ్మలు మా దగ్గర తయారవుతాయి. వీటన్నిటినీ జనం ‘ఫైబర్’ అనేస్తారు గానీ, అందులో ఉన్నవి రెండు సరుకులు: గాజు పోగులు, వాటిని పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్. గాజు తీసేసి జనపనారో, గోగునారో, కొబ్బరి పీచో వేస్తే ఎలా ఉంటుందని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. ఇంజనీరింగ్ పిల్లలైతే సంచుల్లో నార పట్టుకొచ్చి, “అంకుల్, ఇది గాజంత బలంగా ఉంటుందా?” అంటారు. “ముందు దాంతో ఏం చేస్తావో చెప్పు బాబూ” అంటాను. నార మంచీ చెడూ దానికి మనం అప్పజెప్పే పనిని బట్టే తేలుతుంది.

ముందు రెజిన్ సంగతి. షెడ్డులో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఘాటు అందులోని స్టైరీన్‌ది. రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలిపాక హార్డెనర్ వేస్తే కాసేపటికి వేడెక్కి గడ్డకడుతుంది. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి మేం చెప్పే మొదటి పాఠం అదే. గడ్డకట్టిన రెజిన్ ఒంటరిగా పెళుసు. మట్టిగోడ పగలకుండా వరిగడ్డి కలిపి తొక్కినట్టే ఇందులో పోగులు వేస్తాం. లాగుడంతా పోగు భరిస్తుంది. ఆ భారాన్ని ఒక పోగు నుంచి ఇంకో పోగుకు అందించేది రెజిన్.

ఇక బలం లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతకు సరిపడా గాజు పోగుల్ని తెంపాలంటే 200 కిలోలకు పైనే బరువు వేలాడదీయాలి. అంతే మందం జనపనార 40 నుంచి 80 కిలోల దగ్గర తెగుతుంది. కొబ్బరి పీచైతే 20 కిలోలు మోయడమే గొప్ప. నారల్లో ఇంత తేడా ఎందుకంటే, ప్రతి నారలోనూ సెల్యులోజ్ అనే సన్నటి తీగలు మెలిదిరిగి ఉంటాయి. జనపనారలో ఆ మెలి 8 డిగ్రీలే, అంటే తీగలు దాదాపు నిటారు. కొబ్బరి పీచులో 30 డిగ్రీలు దాటుతుంది. అందుకే జనపనార రెండు శాతమైనా సాగకుండా ఫటుక్కున తెగుతుంది; పీచు 15 శాతానికి పైగా సాగి మరీ తెగుతుంది. బరువు మోయడానికి పీచును నమ్ముకోలేం గానీ, దెబ్బను ఓర్చుకోవడం దానికి చేతనవును.

ఇంతవరకూ చూస్తే గాజుదే పైచేయి. తూకం వేసినప్పుడు కథ మారుతుంది. గాజు సాంద్రత సుమారు 2.5, జనపనారది 1.45, గట్టిపడిన రెజిన్‌ది 1.2. పరిమాణంలో 30 శాతం పోగులు వేసి పలక పోస్తే, గాజు పలక కంటే నార పలక అయిదోవంతు తేలిక. బరువు తగ్గింది కాబట్టి పలకను కాస్త మందం చేసుకోవచ్చు. పలక వంగకుండా నిలబడటం మందంతో మామూలుగా కాదు, ఘనంగా పెరుగుతుంది: మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు. తలుపు లోపలి పలక, సీటు వీపు, పార్టిషన్ లాంటివి తెగిపోయే సరుకులు కావు, వంగకుండా ఉంటే చాలు. వాటికి నార చక్కగా సరిపోతుంది. పైగా అదురును, చప్పుడును గాజు కంటే బాగా మింగుతుంది.

చిక్కంతా నీళ్లతోనే. నార నీటిని ప్రేమిస్తుంది, పాలిస్టర్ దూరం పెడుతుంది. మామూలు గాలిలో ఉన్న జనపనారలోనే బరువులో పన్నెండో వంతుకు పైగా తేమ ఉంటుంది. ఆ తడితో రెజిన్ పోస్తే లోపల బుడగలు పడతాయి. మే నెలలో డాబా మీద ఆరేస్తే చాలు. వానల్లో మాత్రం ఓవెన్‌లో పెట్టాల్సిందే. ఆరబెట్టి పోసినా, తర్వాత కోసిన అంచులో నుంచి నీళ్లెక్కితే నార ఉబ్బుతుంది, ఎండగానే ముడుచుకుంటుంది. ఇలా పదేపదే జరిగితే నారకూ రెజిన్‌కూ మధ్య సందు పడుతుంది. అప్పుడు భారం అందించేవాడే ఉండడు, లోపల నార ఎంత గట్టిదైనా పలక బలహీనమే.

దీనికి పాత మందు కాస్టిక్ సోడా. అయిదు శాతం ద్రావణంలో నారను నానబెట్టి, బాగా కడిగి ఆరేస్తే పైనున్న మైనం, జిగురు పోయి ఉపరితలం గరుకుగా మారుతుంది, రెజిన్ పట్టు దొరుకుతుంది. ద్రావణం ఘాటెక్కువైనా, ఎక్కువసేపు నానినా నారే చివికిపోతుంది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1980లలోనే తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధనశాలలో కె.జి. సత్యనారాయణ, సహచరులు అరటి నారనూ కొబ్బరి పీచునూ పాలిస్టర్‌లో వేసి పరీక్షించారు. మా ఊళ్లోనే వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాలలో ఎ.వి. రత్నప్రసాద్, కె. మోహనరావు జొన్న, కిత్తనార, వెదురు నారల పలకలను పోల్చి 2011లో పత్రం ప్రచురించారు. లాగుడు బలంలో జొన్న పలక వెదురు పలకకు దాదాపు సాటి వచ్చింది, కిత్తనారను దాటిపోయింది. చొప్ప నుంచి తీసిన నారకు అది చిన్న గౌరవం కాదు.

అమ్మేవాళ్లు చెప్పని రెండు మాటలు కూడా చెప్పాలి. నార చవకే గానీ అది తాగే రెజిన్ చవక కాదు; గాజు మ్యాట్ కంటే గోనె గుడ్డ ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి అనుకున్నంత మిగలదు. రెండోది, నార మట్టిలో కలుస్తుంది కానీ గడ్డకట్టిన పాలిస్టర్ కలవదు, కరిగించి మళ్లీ పోయడానికీ వీల్లేదు. పచ్చదనం పేరుతో పూర్తి మార్కులు వేయకండి. 200 డిగ్రీలు దాటితే నార మాడటం మొదలవుతుంది, కాబట్టి పొయ్యి దగ్గరకు, ఇంజను పక్కకు వద్దు. ఎప్పుడూ నీళ్లలో ఉండే పడవ అడుగుకూ, భారం మోసే దూలానికీ గాజే వాడండి.

నార పలక కొనేటప్పుడు పైపూత నిగనిగను చూసి మురిసిపోకండి. తిరగేసి కోసిన అంచు చూడండి, మేకు రంధ్రం చూడండి. అక్కడ రెజిన్ పూసి మూశారా? మూయకుండా నార బయటికి కనిపిస్తుంటే, ఎంత తగ్గించి ఇచ్చినా ఆ సరుకు మీకొద్దు.