పసిబిడ్డ మూత్ర పరీక్ష.. పట్టే తీరులోనే ఫలితం

గుణదల: జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలూ లేవు. అయినా పసిబిడ్డకు జ్వరం తగ్గదు. ఇలాంటప్పుడు వైద్యులు అనుమానించే వాటిలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌ ముఖ్యమైనది. మంటగా ఉందని నోటితో చెప్పలేని శిశువుకు మూత్ర పరీక్షే ఆధారం. గుణదలలోని సిద్ధార్థ వైద్య కళాశాల పరిసరాల్లో ఆసుపత్రులు అనేకం. డెల్టా పల్లెల నుంచి బిడ్డలను ఎత్తుకుని నగరానికి వచ్చే తల్లులకు ఆ నాలుగు చుక్కలు పట్టడమే అసలు పరీక్ష అవుతోంది.

మందుకు ముందే నమూనా

యాంటీబయాటిక్‌ ఒక్క మోతాదు పడినా కల్చర్‌ పరీక్షలో క్రిములు పెరగకపోవచ్చు. అందువల్ల తొలి మోతాదుకు ముందే నమూనా తీయాలి. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం నమూనా కోసం చికిత్సను ఆపరాదు.

సంచితో చిక్కు

చర్మానికి అంటించే ప్లాస్టిక్‌ సంచి సులువైనదే. కానీ చర్మం మీది, మలంలోని క్రిములు అందులో కలుస్తాయి. సంచి నమూనాలో ఏ దోషమూ తేలకపోతే ఇన్‌ఫెక్షన్‌ లేదని చాలావరకు భావించవచ్చు. క్రిములు కనిపిస్తే మాత్రం ఆ ఒక్క ఆధారంతో జబ్బును నిర్ధారించరాదు. లేని జబ్బుకు మందులు, స్కానింగ్‌లు తప్పవు. ఉన్న జబ్బును గుర్తించకపోతే మూత్రపిండాలపై మచ్చలు పడే ప్రమాదం ఉంది. దూది, డైపర్‌ పిండి తీసిన మూత్రం కల్చర్‌కు పనికిరాదు.

పట్టే విధానం

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బిడ్డ మూత్రద్వారం చుట్టూ శుభ్రపరచాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి తుడవాలి. తొలి చుక్కలు వదిలి, మధ్య ధారను ఆసుపత్రి ఇచ్చిన సీసాలో పట్టాలి. సీసా లోపలి భాగాన్ని తాకరాదు.

పల్లెల్లో తల్లులు బిడ్డను పాదాలపై కూర్చోబెట్టి 'స్‌..స్‌' అంటూ మూత్రం పోయించడం తెలిసిందే. వైద్యులూ ఇలాంటి ఉపాయాలనే పరీక్షించారు. స్పెయిన్‌ వైద్యులు 2013లో ప్రకటించిన పద్ధతిలో పాలు పట్టిన 25 నిమిషాలకు శిశువును చంకల కింద పట్టి నిలబెట్టి, పొత్తికడుపుపై వేలితో మృదువుగా తట్టి, తర్వాత నడుముపై రుద్దుతారు. 80 మంది నవజాత శిశువుల్లో 86 శాతం మందికి 5 నిమిషాల్లోపే ఫలితం వచ్చింది. ఆస్ట్రేలియాలో 2017లో చల్లని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపును రుద్దగా 31 శాతం శిశువులు 5 నిమిషాల్లో మూత్రం పోశారు. రుద్దని వారిలో ఇది 12 శాతమే. ఇవి శిక్షణ పొందిన సిబ్బంది చేయవలసినవి.

అత్యవసరమైతే సన్నని గొట్టం ద్వారా గానీ, స్కానింగ్‌ సాయంతో సూది ద్వారా గానీ మూత్రాశయం నుంచే నమూనా తీస్తారు. చూడటానికి బాధాకరమైనా, ఇతర క్రిములు కలిసే అవకాశం వీటిలో తక్కువ. అందుచేత తల్లిదండ్రులు భయపడి అడ్డు చెప్పనవసరం లేదు.

ఆలస్యం వద్దు

పట్టిన నమూనాను వెంటనే ప్రయోగశాలకు చేర్చాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద ఉంచాలి. గది వేడికి క్రిములు పెరిగి ఫలితం తారుమారవుతుంది. ఏ పద్ధతిలో, ఎన్ని గంటలకు పట్టారో చీటీపై రాయించాలి. కల్చర్‌ ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అది చేతికి వచ్చాక, మొదలుపెట్టిన మందు కొనసాగించాలా, మార్చాలా అన్నది వైద్యులే నిర్ణయిస్తారు.