161 మిలియన్ డాలర్ల ప్లేయర్, వరుసగా 54 సార్లు జీరో! తప్పెవరిది?

ఈరోజు క్రికెట్ కాదు, బేస్‌బాల్. వెంటనే స్కిప్ కొట్టకండి, రూల్స్ రాకపోయినా పర్లేదు. ఇది ఆట గురించి కన్నా శాలరీ గురించిన ఎపిసోడ్. శాలరీ అంటే మనందరి సబ్జెక్టే కదా.

ముందు ఒక మనిషిని పరిచయం చేస్తా. పేరు క్రిస్ డేవిస్. అమెరికాలో బాల్టిమోర్ ఓరియోల్స్ టీమ్ ప్లేయర్. 2013లో 53 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ ఒక బ్యాటర్‌కి మ్యాచ్‌కి దొరికేది నాలుగైదు ఛాన్సులే. ఆ ఏడాది మేజర్ లీగ్ మొత్తంలో అతనే టాప్. 2015లో 47 కొట్టి మళ్లీ టాప్. ఇంకేముంది, 2016 జనవరిలో ఓరియోల్స్ అతనితో ఏడేళ్లకి 161 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ రాసుకున్నారు. ఇప్పటి రేటులో మన డబ్బుల్లో సుమారు 1,400 కోట్లు.

మధ్యలో 2014 అని ఒక సంవత్సరం ఉంది చూడండి. ఆ ఏడాది అతని బ్యాటింగ్ యావరేజ్ .196. అంటే పది సార్లు ఆడితే రెండు హిట్లు కూడా లేవు. బేస్‌బాల్‌లో పదికి మూడు కొడితే గొప్ప బ్యాటర్, రెండున్నర అయితే నడుస్తుంది. రెండు కూడా రాకపోతే డేంజర్ బెల్. ఆ బెల్ మోగింది, కానీ 47 హోమ్ రన్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

తర్వాత ఏమైంది? 2018లో యావరేజ్ .168. 470 అట్ బ్యాట్స్‌లో 79 హిట్లు, 192 స్ట్రైకౌట్లు. సీజన్ అంతా రెగ్యులర్‌గా ఆడిన బ్యాటర్లలో ఆధునిక బేస్‌బాల్ చూసిన అతి తక్కువ యావరేజ్ ఇది. టీమ్ ఆ ఏడాది 162 మ్యాచ్‌ల్లో 115 ఓడిపోయింది. 2018 చివర్లో 21 సార్లు వరుసగా హిట్ లేదు. 2019 మొదలైంది, మళ్లీ లేదు. 30 అయింది, 40 అయింది, అంతకుముందున్న 46 రికార్డు కూడా దాటేసింది. మొత్తం 54. సొంత గ్రౌండ్‌లో సొంత ఫ్యాన్సే బూ అని అరిచారు.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. అంత ఘోరంగా ఆడుతుంటే తీసేయొచ్చు కదా?

తీసేయొచ్చు. కానీ డబ్బులు మాత్రం మొత్తం ఇవ్వాలి. బేస్‌బాల్ కాంట్రాక్టులు దాదాపు అన్నీ గ్యారంటీడ్. ఫామ్ పోయినా, గాయమైనా, ఇంటికి పంపేసినా చెక్ వస్తూనే ఉంటుంది. మన ఐపీఎల్‌తో పోల్చి చూడండి. శామ్ కరన్‌ని పంజాబ్ 18.5 కోట్లకి కొంది. తర్వాత వదిలేసింది. 2025 సీజన్ కోసం జరిగిన వేలంలో చెన్నై అతన్ని 2.4 కోట్లకి తీసుకుంది. రేటు తప్పని తెలిస్తే మన దగ్గర రెండు మూడేళ్లలో మార్కెట్ సరిచేసేస్తుంది. అక్కడ ఆ కరెక్షన్ లేదు. ఏడేళ్లంటే ఏడేళ్లే.

"ఇదేం అన్యాయం, ఆడకపోయినా డబ్బులా" అనేముందు ఇంకో వైపు కూడా చూడాలి. నేను కోడ్ రాసే ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ భాషలోనే చెప్తా. ఫ్రెషర్‌గా చేరినప్పుడు రాత్రింబవళ్లు పని చేసేది మనమే, జీతం తక్కువ వచ్చేదీ మనకే. బేస్‌బాల్‌లో ఇది రూల్‌బుక్‌లోనే రాసుంది. మొదటి మూడేళ్లు దాదాపు మినిమమ్ జీతం. 2025లో ఆ మినిమమ్ 7,60,000 డాలర్లు. మనకది చాలా పెద్ద డబ్బే, కానీ ఆ లీగ్ లెక్కలో చిల్లర. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ అని ఒక బేరం పద్ధతి, జీతం కొంచెం కొంచెం పెరుగుతుంది. ఆరేళ్ల సర్వీస్ పూర్తయ్యాకే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన టీమ్‌తో నచ్చిన రేటు మాట్లాడుకునే హక్కు. పిట్స్‌బర్గ్ పిచ్చర్ పాల్ స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్ బెస్ట్ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు కొట్టాడు. ఆ సీజన్‌కి అతని బేస్ శాలరీ పది లక్షల డాలర్ల లోపే!

ఇప్పుడు లెక్క చూడండి. ఆరేళ్లు ఆడేసరికి ప్లేయర్ వయసు 28, 30 దాటుతుంది. ఒంట్లో ఊపు తగ్గడం మొదలయ్యే టైమ్ అది. సరిగ్గా అప్పుడే పెద్ద కాంట్రాక్ట్ చేతికొస్తుంది. అంటే టీమ్ ఇచ్చేది నిన్నటి ఆటకి, ఫ్యాన్ టికెట్ కొనేది రేపటి ఆటకి. మోసపోయామన్న ఫీలింగ్ అంతా ఈ గ్యాప్‌లోనే పుడుతుంది. పైగా ప్లేయర్ ఫ్యాన్‌కి ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చింది ఓనర్, జెర్సీ చేతిలో పెట్టి ఫోటో దిగి మరీ.

గ్యారంటీ కూడా ఊరికే రాలేదు. 1975 దాకా రిజర్వ్ క్లాజ్ అని ఒకటుండేది. కాంట్రాక్ట్ అయిపోయినా ప్లేయర్ ఆ టీమ్ సొత్తే. జీతం నచ్చకపోతే ఆట మానుకోవడమే దారి. యూనియన్ కొట్లాడి దాన్ని పడగొట్టింది.

అలాగని అందరినీ ఒకే గాటన కట్టను. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ కప్పు గెలిచింది. ఆ డిసెంబర్‌లో ఆ టీమ్ హీరోలు ఇద్దరు, ఒకే వారంలో, ఒకే ఏజెంట్ స్కాట్ బోరస్ ద్వారా, ఒకే మొత్తానికి సంతకం పెట్టారు. ఏడేళ్లు, 245 మిలియన్. ఒకడు పిచ్చర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, అదే టీమ్‌లో ఉండిపోయాడు. భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయే జబ్బు వచ్చి, ఆ కాంట్రాక్ట్‌లో ఎనిమిదంటే ఎనిమిది మ్యాచ్‌లు వేసి 2024లో రిటైర్ అయ్యాడు. అతన్ని ఏమని తిడతాం? చెయ్యి అరగదీసుకుందే ఆ టీమ్ కోసం.

రెండోవాడు ఆంథొనీ రెండన్. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌కి వెళ్లాడు. 2020 నుంచి 2025 దాకా టీమ్ ఆడినవి 870 మ్యాచ్‌లు, అతను ఆడినవి 257. ఇతనికీ గాయాలే, కాదనను. కానీ 2024లో సీజన్ మరీ పొడుగు, తగ్గించాలి అన్నాడు. బేస్‌బాల్ తన ఫస్ట్ ప్రయారిటీ ఎప్పుడూ కాదు, ఇది ఉద్యోగం అన్నాడు. నిజం చెప్తున్నా, మా ఆఫీసులో ఎవడైనా "పని నా ఫస్ట్ ప్రయారిటీ కాదు, ఫ్యామిలీ" అంటే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి. రెండన్ అంటే మాత్రం చిర్రెత్తింది. ఎందుకంటే మనం రాసిన కోడ్ చూడ్డానికి ఎవరూ పిల్లల్ని తీసుకుని, టికెట్ కొనుక్కుని రారు కదా! పైగా ఏంజెల్స్ ప్లేఆఫ్స్ ముఖం చూసి పదేళ్లు దాటింది. ఆ ఫ్యాన్స్ ఓపికకి దండం పెట్టాలి.

మళ్లీ డేవిస్ దగ్గరికి వద్దాం, 54 దగ్గర ఆపేశాం. 2019 ఏప్రిల్ 13, బోస్టన్. మ్యాచ్‌కి ముందు తొమ్మిదేళ్ల పిల్లాడొకడు డేవిస్‌కి చీటీ రాసిచ్చాడు. వాడు ఎదుటి టీమ్ ఫ్యాన్, గుర్తుపెట్టుకోండి. నువ్వు ఆడే ఆటకీ, నువ్వు మంచివాడివా కాదా అన్నదానికీ సంబంధం లేదని, వదిలెయ్యొద్దని రాశాడు. మొదటి ఇన్నింగ్స్, బేసులన్నీ నిండి ఉన్నాయి. డేవిస్ హిట్ కొట్టాడు, రెండు రన్లు. ఆ రోజు మొత్తం మూడు హిట్లు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. డేవిస్ ఫామ్ మాత్రం తిరిగి రాలేదు. బంతుల స్పీడ్ ఏటేటా పెరిగింది. అతను ఎక్కువగా కుడివైపే కొడతాడని ఫీల్డర్లంతా అటే నిలబడేవారు. ఆ షిఫ్ట్‌ని లీగ్ 2023లో ఆపేసింది, అప్పటికి డేవిస్ రిటైరై ఏడాదిన్నర. మధ్యలో, 2019లో, తనే 30 లక్షల డాలర్లు పిల్లల ఆసుపత్రికి విరాళం ఇచ్చాడు. దీని మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో మీరే వెతుక్కోండి.

డబ్బుల లెక్క అయితే ఇంకా నడుస్తోంది. అతని కాంట్రాక్ట్‌లో 42 మిలియన్లు తర్వాత వాయిదాల్లో ఇవ్వాలని ముందే రాసుకున్నారు, 2037 దాకా. ఈ ఐడియా కొత్తదేం కాదు. న్యూయార్క్ మెట్స్ వద్దనుకున్న బాబీ బోనియాకి 59 లక్షల డాలర్లు బాకీ పడితే, 8 శాతం వడ్డీతో తర్వాత ఇస్తామన్నారు. ఓనర్ల డబ్బు అప్పట్లో బెర్నీ మేడాఫ్ దగ్గర ఇంకా ఎక్కువ రాబడికి తిరుగుతోంది మరి. ఆ మేడాఫ్ స్కామ్ 2008లో బయటపడింది. వడ్డీ మాత్రం ఆగలేదు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న బోనియాకి 11,93,248 డాలర్లు. ఆ రోజుకి ఫ్యాన్స్ బాబీ బోనియా డే అని పేరు పెట్టి పండగ చేస్తారు.

ఇక ఓరియోల్స్. 2023లో కుర్రాళ్లతో 101 మ్యాచ్‌లు గెలిచారు. ఆ టీమ్‌లో గన్నర్ హెండర్సన్ అనే కుర్రాడు రూకీ ఆఫ్ ది ఇయర్. అతని జీతం లీగ్ మినిమమ్‌కి కాస్త అటూ ఇటూ. అదే ఏడాది, బ్యాట్ పట్టుకుని రెండేళ్లు దాటిన డేవిస్‌కి అదే టీమ్ నుంచి వెళ్లింది అంతకు ఎన్నో రెట్లు.