దయ్యం ఉందా... లేదా?

దయ్యాల నవలలంటే భయపడని వాళ్ళు ఉండొచ్చు గానీ, భయపడుతూనే చివరి పేజీదాకా చదవని ఆడవాళ్ళు మాత్రం అరుదు. రాత్రి చదివి, లైటార్పడానికి జంకి, తెల్లారగానే అదే పుస్తకాన్ని పక్కింటావిడకి చదవమని ఇచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరూ!

తెలుగులో అలాంటి నవల అనగానే గుర్తొచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల తొలి సంవత్సరాల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పట్లో మా కడప, కర్నూలు ఇళ్ళల్లో సీరియల్ పేజీలు చించి, బైండు చేయించి, బీరువాలో దాచుకున్న అమ్మలున్నారు. నా వయసువాళ్ళం ఆ నవలను చదివింది అలాంటి బైండు పుస్తకాల్లోనే.

ఇంతకీ అందులో భయపెట్టేదేమిటి? పాడుబడ్డ బంగళా కాదు, తెల్లచీర కాదు. జబ్బుపడిన పసిపిల్ల! తులసి అనే ఆ పాపకు ఏమవుతోందో కన్నవాళ్ళకు అర్థం కాదు. ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం. మరోవైపు క్షుద్రప్రయోగం. రచయిత రెండింటినీ పక్కపక్కనే నడిపిస్తారు. పాపను కాపాడింది ఏదంటే, ఎవరి నమ్మకాన్ని బట్టి వాళ్ళు జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇలా ఎటూ తేల్చకుండా రాయడం తేలిక కాదు. దయ్యాన్ని తెచ్చి ఎదురుగా నిలబెడితే చదివేవాళ్ళు నవ్వేస్తారు. లేనేలేదని తేల్చేస్తే 'ఓస్, ఇంతేనా' అని పక్కన పడేస్తారు. ఉందనడానికీ, లేదనడానికీ సాక్ష్యం సరిసమానంగా పేర్చాలి. యండమూరి గారు చార్టర్డ్ అకౌంటెంట్ కూడా. జమాఖర్చులు సరిచూసే చెయ్యి కాబట్టే ఈ లెక్క అంత బాగా కుదిరిందేమో అనిపిస్తుంది నాకు.

ఇదే విద్య అమెరికాలో ఒక ఇల్లాలికి పట్టుబడింది. ఆమె పేరు షర్లీ జాక్సన్. 1959లో వచ్చిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' నవల ఆమెది. ఆ ఇంట్లో రాత్రిపూట తలుపులు బాదుతున్నది దయ్యమా, లేక ఎలినార్ అనే ఒంటరి ఆడమనిషి మనసా? చివరిదాకా తేలదు. ఎలినార్ పదకొండేళ్ళు జబ్బుమనిషైన తల్లికి సేవ చేసి, తనకంటూ ఏమీ మిగుల్చుకోని మనిషి. ఇంటెడు చాకిరీ తెలిసినవాళ్ళకే ఆ మనసులోని చీకటి అందుతుంది.

జాక్సన్ నలుగురు పిల్లల తల్లి. 1948లో అచ్చయిన 'ది లాటరీ' కథ ఎలా పుట్టిందో ఆమే చెప్పారు. బిడ్డను తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని, సరుకులతో ఎత్తెక్కుతుంటే ఆలోచన తట్టిందట. ఇంటికొచ్చి, బిడ్డను దించి, కూరగాయలు ఫ్రిజ్‌లో పెట్టి, రాయడానికి కూర్చున్నారట!

యండమూరి గారు కూడా ఉద్యోగం చేస్తూనే రాశారు. తర్వాత రాజీనామా చేసి పూర్తికాలం రచయిత అయ్యారు. మరి మనం? వంటింటికి రాజీనామా ఇవ్వలేం కదా! "ఏంమే, సంసారం చేసుకుండేదానివి, దయ్యాల కథలు రాసేదేంది?" అని మా పిన్నమ్మ ఇప్పటికీ అడుగుతుంది. రాసేందుకు నాకు దొరికేది మధ్యాహ్నం ఒక్క గంట. మా సీమలో దయ్యాలకూ అదే వేళ! మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని పిల్లలకు చెబుతారు. ఆ ఎండలో, నిర్మానుష్యమైన వీధిలో ఎవరో నడిచిన చప్పుడైతే చాలు, కథ మొదలైపోతుంది. ఉదయమంతా పనులు చేసుకుంటూ మనసులో మలుపులు తిప్పుకుంటే, ఆ గంటలో కాగితం మీద పెట్టేయొచ్చు.

అయితే ఒక మాట. 'తులసిదళం' మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మగారు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శను కొట్టిపారేయలేం. బిడ్డకు జ్వరం తగ్గకపోతే 'ఎవరో ఏదో చేసినారు' అనేవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ 'ఎవరో' సాధారణంగా ఎవరనుకుంటారు? వీధి చివర ఒంటరిగా ఉండే ఏ ముసలమ్మో, ఏ దిక్కులేని మనిషో. కథలోని అనుమానం ఆఖరి పేజీతో అయిపోతుంది. వీధిలో పుట్టిన అనుమానం ఒక మనిషి ప్రాణం తీసేదాకా పోవచ్చు.

అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. దయ్యం ఉందా లేదా అన్నది తేల్చకుండా వదిలేస్తాను గానీ, ఏ ముసలమ్మ మీదా నింద తేల్చకుండా వదిలెయ్యను. కథ ముగిసేలోపు ఆమె నిర్దోషి అని చదివినవాళ్ళకు తెలిసిపోవాలి.

మీరూ రాయండి. హాయిగా భయపడుతూ చదవండి. కానీ బిడ్డకు ఒళ్ళు కాలితే... దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ వెతికే ముందు ఆస్పత్రికి బయల్దేరండి. ఆ విషయంలో మాత్రం ఏ అనుమానమూ వద్దు!