ట్రేడ్ టెస్టులో తిప్పలు పెట్టేది రూటే

గల్ఫ్ వెల్డర్ ఉద్యోగాల కోసం ట్రేడ్ టెస్టుకు వెళ్లే కుర్రాళ్లకు చెమటలు పట్టించేది మొదటి పాస్, అంటే రూట్. వెనక పట్టీ లేకుండా, సందు వదిలిన ప్లేట్లను 7018 రాడ్‌తో అతకడం మరీ కష్టం. 6010 రాడ్‌లా ఇది లోపలికి దూసుకుపోదు, పైగా స్లాగ్ ఎక్కువ. 2.5 మి.మీ. రాడ్ అయితే సందు కూడా దాదాపు అంతే ఉంచి, నిలువు జాయింటును కింది నుంచి పైకి వేయాలి. ఆర్క్ కాస్త దూరం జరిగిందా, సన్నని రంధ్రాలు పడతాయి. రాడ్ ఆపిన ప్రతిచోటా స్లాగ్ కొట్టి, గ్రైండర్ పట్టాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ ఓపిక లేకపోతే బెండ్ టెస్టులో రూట్ విచ్చుకుంటుంది.

రాడ్లకు చెమ్మ పడితే చెయ్యి ఎంత బాగున్నా దండగే. ఆ చెమ్మలోని హైడ్రోజన్ ఉక్కులోకి చేరి, వెల్డ్ చల్లారిన గంటల తర్వాత కూడా పగులు తేవచ్చు. అందుకే డబ్బా విప్పిన రాడ్లను 120 డిగ్రీలకు తగ్గని ఓవెన్‌లో ఉంచుతారు. కోచింగ్ ఫీజు కట్టేముందు అక్కడ ఆ ఓవెన్ ఉందో లేదో చూసుకోవాలి.