చెవి పలికే జవాబు

చెవి వినడానికి ఉన్నదని అందరూ ఎరుగుదురు. ఆ చెవి జవాబు కూడా పలుకుతుందంటే నమ్మేవారు తక్కువ. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రజ్ఞుడు చెవి రంధ్రంలో చిన్న మైక్రోఫోను అమర్చి, టక్కుమనే శబ్దం వినిపించి చూశాడు. కొన్ని మిల్లీసెకన్ల తరువాత లోపలి నుంచి సన్నని ప్రతిధ్వని వచ్చింది. చెవి తన శక్తిని కూడా జోడిస్తుందని థామస్ గోల్డ్ 1948లోనే వ్రాశాడు గాని, ఆనాడు ఆ మాటను పట్టించుకున్నవారు లేకపోయిరి.

ఈ శక్తి ఎక్కడిది? లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొన్న గొట్టం ఒకటి కలదు. చాపితే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులో రెండు తెగల రోమకణాలు. లోపలి వరుసలోని సుమారు 3,500 కణాలు మెదడుకు కబురు పంపుతాయి. బయటి వరుసలలోని సుమారు 12,000 కణాలు సాగుతూ, ముడుచుకొంటూ శబ్దపు కదలికను పెంచుతాయి. ఆ కదలికలో కొంత వెనుకకు మరలి, కర్ణభేరిని కదిపి బయటికి వస్తుంది. అదే చెవి జవాబు.

ఈ జవాబు మామూలు త్రైరాశికానికి లొంగదు. శబ్దం రెండింతలైతే జవాబు రెండింతలు కాదు. ఉయ్యాల ఊపేవాని చేతిబలానికి హద్దున్నది గదా! మెల్లగా కదిలే ఉయ్యాలకు ఆ తోపు పెద్ద సాయం. ఎత్తుగా ఊగేదానికి అదే తోపు లెక్కలోనికి రాదు. అట్లే గుసగుసకు చెవి ఇచ్చే సాయం ఎక్కువ, డప్పుకు తక్కువ. ఒక స్వరం మ్రోగుతుండగా దానికి దగ్గరి స్వరం మరొకటి గట్టిగా వినిపిస్తే, కణాల బలమంతా దానికే ఖర్చయి, మొదటి స్వరానికి వచ్చే జవాబు అణగిపోతుంది. కొన్ని చెవులు ఏ శబ్దమూ వినిపించకనే సన్నగా పలుకుతాయి; వాటినీ ఇట్లే అణచవచ్చును. ఈ తీరును లెక్కగట్టడానికి శాస్త్రజ్ఞులు, వాన్ డెర్ పోల్ అనే డచ్చి ఆయన 1920లలో రేడియో వాల్వుల కోసం కట్టిన సమీకరణాన్ని వాడుకొన్నారు.

మాబోటి గుమాస్తాలకు నచ్చే సంగతి పరీక్షాపద్ధతిలో ఉన్నది. ఒకే పరిమాణం గల టక్కులు మూడు, వాటికి ఎదురు దిశలో మూడింతల టక్కు ఒకటి వినిపిస్తారు. నాలుగింటి ప్రతిధ్వనులనూ కూడితే, చెవి గోడలకు తగిలి వచ్చినవి జమాఖర్చు సరిపోయి సున్న అవుతాయి. జీవమున్న జవాబు మాత్రం పెద్ద టక్కుకు మూడింతలు పెరగదు గనుక నిలవ మిగులుతుంది. ఆ నిలవే మనకు కావలసినది.

దీనితో పుట్టిన రెండు మూడు రోజుల పసిబిడ్డనైనా, నిద్రలోనే, నొప్పి లేకుండా కొద్ది నిమిషాలలో పరీక్షించవచ్చును. జవాబు రాకపోతే చెవుడేనని నిశ్చయించరాదు. గులిమి గాని నీరు గాని అడ్డుండవచ్చు, పరీక్ష మళ్లీ చేయించాలి. జవాబు వచ్చినా నరంలోని లోపం దీనికి చిక్కదు. దానికి వేరే పరీక్ష కలదు.

మన ఇళ్లలో బిడ్డ పలుకకపోతే, "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు సర్దిచెప్పడం పరిపాటి. మేనరికాలు మనలో ఇంకా ఉన్నవి. దగ్గరి రక్తసంబంధంలో పుట్టుచెవుడు వచ్చే అవకాశం హెచ్చు. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స జరగాలని నిపుణుల మాట. ఆ వయసు దాటిన కొద్దీ మాట నేర్వడం కష్టమవుతుంది. కర్ణాటకలోని మనవారికి మైసూరులో 1965లో నెలకొన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అందుబాటులోనే ఉన్నది. తక్కినవారు ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చే ముందు, చెవుల పరీక్ష జరిగిందా అని ఒక్కమాట అడగవలెనని మా మనవి.